ఫోన్ మోగడం లేదు, ఆయనకు దిక్కు తోచడం లేదు

ప్రశ్న: మావారు 9 ఏళ్ళు మంత్రిగా చేశారు. ఓడిపోయి 8 నెలలైంది. ఇప్పటికీ తెల్లవారుజామున 4 గంటలకే లేచి, తయారై ముందు గదిలో కూర్చుంటారు. ఎవరూ రారు. ఫోన్ పనిచేస్తోందో లేదోనని నాచేత రింగ్ ఇప్పించుకుంటారు. పెళ్ళిళ్ళకు రావడం మానేశారు. రాత్రి 2 పెగ్గులు కాస్తా 4 అయ్యాయి. ఏం మాట్లాడినా కసురుకుంటారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ఆ ఫోన్ రింగ్ సంగతి రాశారు చూడండి, ఆయన బాధంతా అక్కడే ఉంది. దాన్ని పదవీ వ్యామోహమని కొట్టిపారేయకండి. తొమ్మిదేళ్ళపాటు నిద్ర లేచింది మొదలు ఎవరో ఒకరు ఆయన మాట కోసం కాచుకుని ఉన్నారు. సంతకం పెడితే పని కదిలింది. ఆ ఉద్వేగానికి ఒళ్ళు అలవాటు పడిపోయింది. ఉద్యోగ విరమణకైతే ముందే తెలిసిన తేదీ ఉంటుంది. ఇది ఒక్క మధ్యాహ్నంలో, అందరి ముందూ, ఓట్ల లెక్కతో సహా జరిగింది. ఉద్యోగం పోవడం, ఆప్తులు పోవడం, నలుగురిలో అవమానం, మూడూ ఒకేసారి మీద పడ్డాయి.

ఇంట్లోవాళ్ళు ఓదార్చబోయి సాధారణంగా రెండు మాటలంటారు. ‘మళ్ళీ మీరే గెలుస్తారు’ అంటే వచ్చే ఎన్నికల దాకా ఆయన ఆ ముందు గదిలోనే కూర్చుండిపోతారు. ‘పోనీండి, పీడ విరగడైంది’ అంటే ఆయన తొమ్మిదేళ్ళ కష్టం పీడ అయిపోతుంది. రెండూ వద్దు. ఆయన చేసిన ఒక పని గురించి అడగండి: ఎలా మొదలైంది, ఎవరు అడ్డుపడ్డారు, ఎలా దాటారు. సలహా ఇవ్వకుండా వినండి. ఓటమి గురించి తనంతట తానే ఎత్తితే మాట మార్చకండి.

ఆ ఖాళీ కుర్చీల సంగతి ముందు చూడండి. వారంలో 2 రోజులు, రోజుకు 2 గంటలు మాత్రమే కలుస్తానని తెలిసినవాళ్ళందరికీ ఆయనచేతే చెప్పించండి. మిగతా రోజుల్లో ఎవరూ రాకపోతే, రావద్దన్నారు కాబట్టి రాలేదని ఉంటుంది. లేచే వేళ మార్చమని పోరు పెట్టొద్దు. తెల్లారగానే ఫోన్ ఇంట్లో వదిలి 40 నిమిషాలు నడవమనండి. టీవీ చర్చలు కట్టేసి, వార్తలు రోజుకొక అరగంట చాలు.

టికెట్లు, బ్యాంకు, బిల్లులు ఇన్నాళ్ళూ పీఏ చూసుకుని ఉంటారు. అవి రావని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు. మీరే చేసిపెడితే మీరు కొత్త పీఏ అవుతారంతే. వారానికొక పని ఆయనచేత చేయించండి. ఎన్నికల అప్పుల మాట కూడా సూటిగా అడగండి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఒక్క కాగితం మీద రాయించండి. ఇంట్లో చెప్పని అప్పు లోలోపలే తినేస్తుంది.

ఆత్మకథ రాయమని చాలామంది సలహా ఇస్తారు. మొదటి ఏడాది వద్దనే నేనంటాను. గదిలో ఒంటరిగా ఓటమిని తవ్వుకున్నట్టవుతుంది. దండ వేసి కూర్చోబెట్టే గౌరవాధ్యక్ష పదవులూ వద్దు, అక్కడ ఆయన మాట ఎవరికీ అక్కర్లేదు. ఫలానా రోజున ఆయన కోసం ఎవరో ఎదురుచూసేది, కొన్ని వారాల్లో ఫలితం కనిపించేది, అలాంటి పని వెతకండి. చిన్నదైనా ఫర్వాలేదు. 1828 ఎన్నికలో అమెరికా అధ్యక్ష పదవి పోగొట్టుకున్న జాన్ క్విన్సీ ఆడమ్స్ ప్రతినిధుల సభలో మామూలు సభ్యుడిగా 1831 నుంచి 1848లో చనిపోయేదాకా పనిచేశారు. అదే పదవిలో ఉండి 1980లో ఓడిన జిమ్మీ కార్టర్ ఇంటికెళ్ళేసరికి కుటుంబ వ్యాపారం అప్పుల్లో ఉంది. శాంతి, ప్రజారోగ్యం కోసం ఆయన పెట్టిన సంస్థ కార్టర్ సెంటర్ మొదలైంది 1982లో. అంతటివారికే అంత వ్యవధి పట్టింది, మీవారికి ఎనిమిది నెలలు ఎక్కువేం కాదు.

మందు సంగతి జాగ్రత్త. అది ముందు నిద్ర పట్టించి, తెల్లవారుజామున చెడగొడుతుంది. ఆ నాలుగింటి మెలకువలో దాని పాలూ ఉండొచ్చు. అలాగని రోజూ తాగేవారిని ఒక్కసారిగా మాన్పించకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరును అడిగి తగ్గించాలి. సైకియాట్రిస్టు అంటే ఎవరైనా చూస్తారని భయపడితే, ముందు బీపీ, షుగరు, థైరాయిడ్, నిద్ర పేరుతో ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్ళి అసలు సంగతి అక్కడ చెప్పండి. 2 వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోతే చికిత్స కావాల్సిన దిగులే కావచ్చు. మందులు రాస్తే, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో ఆపనివ్వకండి.

‘నేనుండి ఏం లాభం’ అన్నా, హఠాత్తుగా కాగితాలన్నీ సర్దుతున్నా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే అంతదాకా ఆగకుండా ఇప్పుడే బయటికి పంపేయండి.

ఇక మీ గురించి. ఆయన కసురుకోవడానికి ఇప్పుడు మీరొక్కరే మిగిలారు. అది భరించడం మీ విధి కాదు. ‘ఈ గొంతుతో మాట్లాడితే లేచి వెళ్తాను, అరగంటకు వస్తాను’ అని ప్రశాంతంగా ఉన్నప్పుడే చెప్పండి. అన్నట్టే వెళ్ళండి, అన్నట్టే రండి. పెళ్ళిళ్ళకు మీరు మానకండి. ఆయన్ని మాత్రం ముందుగా ఒక్క పాత స్నేహితుడి ఇంటికి, జనం రాకముందు, 20 నిమిషాలకు తీసుకెళ్ళండి. అక్కడ ముందు వరుసంటూ ఉండదు.