తెర దాచేదా, చూపేదా?

సందేహం: మాది మంగళగిరి. ఇంట్లోంచే ఆఫీసు పని. మొన్న 24 అంగుళాల మానిటర్ తీసేసి 27 అంగుళాలది పెట్టుకున్నాను. స్నేహితులకి తెలుగులోనే చెబుదామని 'నా కంప్యూటర్ తెరను ఉన్నతీకరించుకున్నాను' అని రాశాను. అది మా మామగారి కంటబడింది. 'తెర అంటే మరుగు చేసేది కదయ్యా, చూపించేదాన్ని పట్టుకుని తెర అంటావేం?' అన్నారు. మానిటర్‌ని తెర అనవచ్చా? కూడదంటే ఇంకేమనాలి?

సమాధానం: ముందు మీ మామగారికి నా నమస్కారం చెప్పండి. అల్లుడు రాసిన వాక్యంలో అర్థం దగ్గర ఆగి ప్రశ్నించే మామగారు ఈ రోజుల్లో అందరికీ దొరకరు. ఆయన పట్టుకున్నది మంచి పాయింటే. కాకపోతే సగం కథే పట్టుకున్నారు.

తెర మనకి మొదట కనబడేది గుళ్లో. నైవేద్యం వేళ అర్చకులు తెర వేస్తారు, మనం ఇవతల చేతులు కట్టుకుని నిలబడతాం. ఆ గుడ్డ ముక్క మీద వచ్చినంత గొప్ప మాట తెలుగులో ఇంకోటి ఉందని నేననుకోను. 'తెర తీయగ రాదా, లోని తిరుపతి వేంకటరమణా' అన్నాడు త్యాగరాజు. గౌళిపంతు రాగం. ఆయన తిరుపతి వెళ్లేసరికి స్వామికి తెర వేసి ఉందనీ, ఈ కీర్తన పాడగానే అది తొలగిందనీ చెప్పుకుంటారు. తొలగిందో లేదో అలా ఉంచండి. కీర్తనలో అడిగింది ఆ బట్ట తెరని తీయమని కాదు, మత్సరమనే తెరని. 'లోని' అన్న మాట ఎక్కడ పెట్టాడో చూడండి. లోపలున్న తెరా, లోపలున్న వేంకటరమణుడా? రెండూ కుదురుతాయి. నేను దీని మీద నలభై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను, తేల్చుకోవాలనీ లేదు. తర్వాత చరణాల్లో ఆ తెర ఎలాంటిదో వరసగా ఉపమానాలు చెబుతాడు. హాయిగా భోంచేస్తుంటే విస్తట్లో ఈగ పడ్డట్టుందట. స్వచ్ఛమైన దీపం వెలుగుతుంటే దానికి మరుగు అడ్డం పెట్టి చెడగొట్టినట్టుందట. ఈ దీపం మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక్కడిదాకా గెలుపు మీ మామగారిదే. తెర అంటే అడ్డు. పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టుకునే తెరసెల్లా అడ్డే. భామాకలాపంలో సత్యభామ రాకముందు ఇద్దరు పట్టుకుని నిలబడే తెర కూడా అడ్డే. అయితే ఆ తెర మీంచి ఇవతలికి ఒక జడ పడుతుంది చూశారూ, అప్పుడే తెర స్వభావం బయటపడుతుంది. గోడకి అవతల ఏముందని ఎవరూ ఎదురుచూడరు. తెర వేశారంటే తీస్తారనే లెక్క.

ఇప్పుడు మాట పుట్టుక చూద్దాం. తెరకీ 'తెరుచు'కీ చుట్టరికం కలిపి, 'తెరిచేది కాబట్టి తెర' అని చెప్పే పెద్దమనుషులు ఊరికొకరు ఉన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ నిలవదు. తలుపు తెరవడంలో పూర్వం ఉన్నది బండి ఱ, 'తెఱచు'. గుడ్డ తెరలో ఉన్నది మామూలు ర. తమిళంలో ఈ తేడా ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాళ్లకి తెరవడం 'తిఱ', తెర 'తిరై'. మనం మాత్రం బండి ఱని అనవసరపు బరువని దించేసుకున్నాం. దించినప్పుడు చేతులు తేలికయ్యాయి, నిజమే. ఇప్పుడు ఏ మాట ఏ మాటకి తోబుట్టువో చెప్పలేక తలలు పట్టుకుంటున్నాం. ఒక్క అక్షరం పోతే ఏమవుతుందని అడిగే వాళ్లకి ఇదీ నా జవాబు. సంస్కృతంలో తెరకి 'తిరస్కరిణి' అని పేరుంది కాబట్టి మన తెర అందులోంచే ఊడిపడిందనే వాళ్లూ ఉన్నారు. కానీ తమిళ తిరైకీ కన్నడ తెరెకీ మన తెరకీ కూడా 'అల' అని ఇంకో అర్థం ఉంది. ఆ సాక్ష్యం చూస్తే నా మొగ్గు దేశ్యపదమనే వైపు. 'తెరలు తెరలుగా నవ్వు' అనడంలో ఉన్నది ఆ అలే. తెరచాప సంగతి మీకు తెలిసిందే.

మరి దాచే తెర చూపే తెర ఎప్పుడయింది? సినిమా వచ్చాక అని చాలామంది అనుకుంటారు. వెండితెర అన్న మాట చూసి ఆ పొరపాటు పడతారు. అంతకంటే చాలా ముందే తోలుబొమ్మలాట ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తారు. మేకతోలుని వెలుగు దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, నగల దగ్గర చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. ఆటలో తెల్లటి తెర కడతారు. వెనక దీపం. దీపానికీ తెరకీ మధ్య బొమ్మ. బొమ్మని తెరకి ఆనించినప్పుడు రంగు నిగనిగలాడుతుంది, వెనక్కి లాగితే చెదిరి మసకబారుతుంది. ఆడించేవాణ్ణి దాచేదీ, ఆడే హనుమంతుణ్ణి చూపేదీ ఆ ఒక్క గుడ్డే. త్యాగరాజుకి దీపానికి అడ్డొచ్చిన తెర చెరుపు. తోలుబొమ్మల వాడికి దీపానికి అడ్డం కట్టిన తెరే జీవనాధారం. ఒకే మాట, ఒకే దీపం.

మీ కొత్త మానిటర్ ఎల్‌సీడీ రకమైతే లోపల ఉన్న ఏర్పాటు ఇదే. వెనక ఎల్‌ఈడీ దీపాలు, ముందు ద్రవస్ఫటికాల (లిక్విడ్ క్రిస్టల్) పొర, దాని ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఏ చుక్క (పిక్సెల్) దగ్గర ఎంత వెలుగు దాటనివ్వాలో ఆ పొర చూసుకుంటుంది. అంటే వెలుగుని ఆపడమే దాని పని, ఆపగా మిగిలింది మీకు బొమ్మ. దాచడం, చూపడం రెండూ అందులో ఉన్నాయి. అందుచేత తెర అనడానికి సినిమా హాలులోని గుడ్డ కంటే మీ బల్ల మీది వస్తువుకే ఎక్కువ హక్కుందని నా అభిప్రాయం. సినిమా తెర ఎదుటి నుంచి పడ్డ వెలుగుని తిప్పికొడుతుంది, అంతే.

'మానిటర్' సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. లాటిన్‌లో దానికి హెచ్చరించేవాడని అర్థం. బడిలో క్లాసు మానిటర్ వచ్చిందీ, మన ఉడుముకి ఇంగ్లీషులో ఉన్న పేరు వచ్చిందీ అక్కణ్ణుంచే. పెద్ద మానిటర్ కొన్నాను అంటే మా ఊళ్లో ఉడుములు పట్టే యానాదులు ఒకప్పుడు ఏమనుకునేవారో గానీ, ఇప్పుడు అందరికీ తెలిసిన మాటే, అలాగే వాడండి. దీనికి 'దృశ్యఫలకం' లాంటివి తయారుచేసి జనం మీదికి వదలక్కర్లేదు.

అసలు తప్పు మీ మామగారు వదిలేసిన చోట ఉంది. 'ఉన్నతీకరించుకున్నాను' ఏమిటండీ? ఉన్నతం అంటే ఎత్తు. ఆ వాక్యం చదివితే మానిటర్ కింద రెండు లావు పుస్తకాలు పెట్టారనుకుంటాను. (పై అంచు కంటి మట్టానికి రాకపోతే పెట్టండి, మెడకి మంచిది. అప్పుడు ఆ క్రియ సార్థకమవుతుంది.) ఇంట్లో ఆడవాళ్లు చిన్న కుక్కర్ ఇచ్చి పెద్దది తెచ్చుకుంటే ఏమంటారు? 'పెద్దది తీసుకున్నాం' అంటారు. మీరూ అదే అనండి. పత్రికల వాళ్లు ప్రతి పనికీ ఒక 'ఈకరణ' తగిలించి మనచేత కూడా అనిపిస్తున్నారు. అన్నట్టు వాళ్ల 'తెరంగేట్రం' కూడా ఇక్కడే చెప్పేస్తాను. అరంగు అంటే తమిళంలో రంగస్థలం, దాని మీదికి ఎక్కడం అరంగేట్రం. ముందు అక్షరం కోసి తె అతికిస్తే మిగిలిన 'రంగేట్రం' ఏ భాష? 55 అంగుళాల టీవీని ఇంకా బుల్లితెర అనే వాళ్లని ఇంతకంటే ఏమంటాం.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆ 27 అంగుళాలు ఐమూల కొలత, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకి. ఐమూల అన్న మాట మీ ఊరి వడ్రంగులకి తెలుసు, కంప్యూటర్ దుకాణంలో తెలియదు. వెడల్పు 23 అంగుళాలన్నర, ఎత్తు 13 పై చిల్లర. ఐమూలన మూడంగుళాలే పెరిగినా జాగా నాలుగో వంతు పైన పెరుగుతుంది. చుక్కల లెక్క మాత్రం చూసుకోండి. అదే 1920 × 1080 చుక్కల్ని 24 అంగుళాల్లో పరిస్తే అంగుళానికి 92 పడతాయి, 27లో పరిస్తే 82కి దిగుతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఆ లోటు తెలియదు. మా మనవడు అలాంటిదే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రూఫులు దిద్దుతుంటే 'లక్ష్మి'లో షవొత్తు కింద మవొత్తు నలిగి నల్లటి చుక్కైపోయింది, 'ఘ'కీ 'ఫ'కీ తేడా తెలియక అద్దాలు తుడుచుకున్నాను. తర్వాత 2560 × 1440ది వచ్చింది, వొత్తులు విడివిడిగా నిలబడ్డాయి.

ఇక తీర్పు. వస్తువు మొత్తాన్ని మానిటర్ అనండి, దాని ముఖాన్ని తెర అనండి. 'మానిటర్ కొన్నాను, తెర మీద గీత పడింది' అంటే ఎవరూ తప్పు పట్టరు. మీ మామగారు ఒప్పుకోకపోతే తోలుబొమ్మలాట గుర్తుచేయండి. మీరు కొన్నది ఓలెడ్ రకమైతే మాత్రం నా పేరు ఎత్తకండి. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వెనక దీపం ఉండదు. అప్పుడు నా వాదన సగానికి పడిపోతుంది, ఆయన ఊరుకోరు.