నొప్పి లేదని ఆగొద్దు, ఇవాళే రెటీనా డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. పాత కంప్యూటర్‌లోని డీవీడీ రైటర్ విప్పి, అందులోని లేజర్ డయోడ్‌ను టార్చిలైట్‌లో బిగించాడు. దాంతో అగ్గిపుల్లలు వెలిగిస్తున్నాడు, నల్ల బెలూన్లు పేలుస్తున్నాడు. మొన్న ఆ వెలుగు స్టీలు పళ్లెం మీద పడి, తిరిగొచ్చి కుడికంట్లో కొట్టింది. అప్పటినుంచి చూపు మధ్యలో మచ్చలా ఉందంటున్నాడు. నొప్పి, ఎరుపు లేవు. చుక్కల మందు వేస్తే సరిపోతుందా?
- ఓ తల్లి, వరంగల్

జవాబు: చుక్కల మందుతో పోయేది కాదమ్మా. బాబును ఇవాళే రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని చాలామంది ఆగిపోతారు. కంటి వెనకుండే రెటీనా పొరకు నొప్పి తెలియదు. అక్కడ కాలినా పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది.

ఈలోగా ఒకటి చూడండి. ఎడమకన్ను మూయించి, పేపర్‌లో ఒక్క అక్షరం మీదే చూపు నిలపమనండి. ఆ అక్షరమే మాయమైనా, పక్కన గీతలు వంకర్లు పోయినా దెబ్బ మాక్యులాకు తగిలిందనుకోవాలి. చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి పనికొచ్చేది రెటీనాలోని ఆ చిన్న చోటే. మచ్చ చెరిగిపోయినట్టు అనిపించినా పరీక్ష మానొద్దు.

క్లాసులో వాడే పాయింటర్ 5 మిల్లీవాట్లు దాటకూడదు. డీవీడీ మీద రాసే ఎర్ర డయోడ్ 100, 200 మిల్లీవాట్లు కూడా ఇస్తుంది. 'జీరో బల్బు కన్నా తక్కువే కదా' అని బాబు అనొచ్చు. బల్బు వెలుగు గదంతా పరుచుకుంటుంది. లేజర్ సన్నటి పోగులా కంట్లోకి దూరుతుంది, కంటి లెన్సు దాన్ని ఇంకా కుదించి సూదిమొనంత చోట పడేస్తుంది. భూతద్దం కింద కాగితం కాలినట్టే. తీవ్రత దాదాపు లక్ష రెట్లవుతుంది. మనం రెప్ప వేయడానికి పావు సెకను పడుతుంది, ఇంత పవర్‌కు ఆ కాస్త టైమే ఎక్కువ. పళ్లెం, అద్దం, వాచీ, దేని మీద పడి తిరిగొచ్చినా ప్రమాదమే. కూలింగ్ గ్లాసులు ఆపలేవు.

అదే రైటర్‌లో సీడీల కోసం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ కూడా ఉంటుంది. వెలుగే కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు. దాని జోలికి అసలు పోవద్దనండి.

ఆసుపత్రిలో ఓసీటీ అనే స్కాన్ తీస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. చిన్న దెబ్బలు కొన్ని వారాల్లో, నెలల్లో కొంత సర్దుకుంటాయి. కచ్చితంగా నయం చేసే మందంటూ లేదు. కొందరికి స్టెరాయిడ్లు ఇస్తారు, మాక్యులాకు రంధ్రం పడితే ఆపరేషన్ అవసరం కావచ్చు. మెడికల్ షాపులో అడిగి ఏవీ వేయకండి.

బాబును తిట్టకండమ్మా, భయపడితే లక్షణాలు దాచేస్తాడు. టార్చిలోంచి బ్యాటరీ మాత్రం ఇప్పుడే తీసేయించండి. ఆ డ్రైవ్‌లోనే చిన్న మోటార్లు ఉంటాయి, ప్రయోగాలకు వాటిని వాడుకోమనండి. పరీక్షకు కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. కాబట్టి బాబును బండి మీద ఒంటరిగా పంపకుండా మీరే తోడు వెళ్లండి.