అమెరికాకు కొత్తగా వచ్చారా? ఇంటి భోజనం పెట్టే చిన్న హోటల్‌ని ఇలా వెతుక్కోండి

మొన్న సెప్టెంబరులో ఎం.ఎస్. చదవడానికి న్యూజెర్సీ వచ్చిన ఒకమ్మాయి, మా మేనకోడలి స్నేహితురాలు, ఫోన్ చేసింది. గొంతు చూస్తే ఏడుపు ఆపుకుంటున్నట్టే ఉంది. "అంకుల్, ఇక్కడ ఇండియన్ రెస్టారెంట్లకేం కొదవ లేదు. ఎక్కడికెళ్లినా అదే బటర్ చికెన్, అదే బిర్యానీ. రెండు ఇడ్లీలు, కాస్త పప్పన్నం పెట్టే చోటే లేదా?"

ఉందమ్మా అన్నాను. కాకపోతే అది రోడ్డు మీద కనిపించేలా ఉండదు. ఏటా ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు కాబట్టి, ఆ అమ్మాయికి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను ఎక్కువగా తిరిగింది న్యూజెర్సీ, న్యూయార్క్ కాబట్టి పేర్లు అక్కడివే చెబుతాను. వెతికే పద్ధతి మాత్రం డల్లాస్‌లో ఉన్నా, చికాగోలో ఉన్నా ఇదే.

ముందు నా సంగతి. నేను వచ్చిన కొత్తలో జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండేవాణ్ణి. డిసెంబరు నెల, ఎముకలు కొరికే చలి. నువార్క్ అవెన్యూ మీద ఇండియా స్క్వేర్ అనే నాలుగు వీధుల పేట ఉంది, అంతా మనవాళ్ల దుకాణాలే. మొదటి జీతం రాగానే అందరూ మెచ్చుకునే ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాను. దోసె చల్లారి సాగుతోంది, సాంబారు తియ్యటి టమాటా సూప్‌లా ఉంది. బిల్లు కట్టి బయటికొచ్చాక ఇంకా ఆకలిగానే ఉంది.

ఆ వారమే కందిపప్పు కోసం ఒక కిరాణా కొట్టుకు వెళ్తే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన స్టీలు డబ్బాలో పెరుగన్నం కలుపుకుంటున్నాడు. పక్కనే వేయించిన ఊరమిరపకాయలు రెండు. "ఇది ఇంటి నుంచి తెచ్చుకున్నారా అండీ?" అని అడిగితే గడ్డంతో వెనక్కి చూపించాడు. బియ్యం బస్తాల వెనకాల ఒక సందు, ఆ సందు చివర నాలుగు బల్లలు. అక్కడ ఒకావిడ చారుకు పోపు పెడుతోంది. చిన్న గరిటెలో నెయ్యి వేసి నేరుగా మంట మీద పట్టుకుని, ఆవాలు చిటపటమనగానే ఎండుమిర్చి, ఇంగువ వేసి, గరిటెను అలాగే చారు గిన్నెలో ముంచింది. చుయ్యిమన్న ఆ చప్పుడుకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏ ఊరు బాబూ మీది?" అంది. "తెనాలి దగ్గరండీ" అన్నాను. "అయితే కారం తింటావు" అంటూ బీరకాయ పప్పులో ఇంకో రెండు మిరపకాయలు వేసిచ్చింది. తర్వాత రెండేళ్లు నా రాత్రి భోజనం అక్కడే.

అందుకే నా మొదటి సలహా: ఇండియన్ కిరాణా కొట్టుకు వెళ్లినప్పుడు అక్కడ పనిచేసేవాళ్లు మధ్యాహ్నం ఏం తింటున్నారో, ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో అడగండి. మొహమాటపడకండి. రోజూ బయట తినేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. టాక్సీ, ట్రక్కు నడిపే మనవాళ్లకు హైవే పక్కన ఏ గ్యాస్ స్టేషన్‌లో వేడి ఇడ్లీ దొరుకుతుందో కూడా తెలుసు. నిజమే, పెట్రోలు బంకు కొట్టు లోపల చిన్న కౌంటర్ పెట్టుకుని వండేవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు.

రెండో చోటు గుడి. కొత్తవాళ్లు దీన్ని ఎందుకో మరిచిపోతారు. మన గుళ్లు చాలావాటికి క్యాంటీన్ ఉంటుంది. న్యూయార్క్‌లో ఫ్లషింగ్ గణపతి గుడి 1977లో కుంభాభిషేకం జరుపుకున్నది, దాని నేలమాళిగలో ఉన్న క్యాంటీన్ దోసెల కోసం గుడికి రానివాళ్లు కూడా వస్తారు. న్యూజెర్సీలో బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి క్యాంటీన్ వారాంతాల్లో కిటకిటలాడుతుంది, కాకపోతే అక్కడికి కారు కావాలి. బయల్దేరే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. పండగ రోజుల్లో మారిపోతుంటాయి.

ఎడిసన్, ఐస్‌లిన్ మధ్య ఓక్ ట్రీ రోడ్డు గురించి వినే ఉంటారు. కారు లేకపోతే మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలు దిగి వెళ్లొచ్చు. అక్కడ మెరిసే బోర్డులు దాటుకుని, కొట్ల సముదాయాల లోపలికి, మూలల్లోకి వెళ్లి చూడండి. అద్దె తక్కువుండే చోటే చిన్న వంటవాళ్లు నిలబడగలరు.

సరే, ఒక చోటు కనబడింది. మంచిదో కాదో లోపలికి అడుగుపెట్టగానే ఎలా తెలుస్తుంది? నేను ముందు గోడ చూస్తాను. ఈరోజు ఏముందో కాగితం మీద చేత్తో రాసి అంటించారా? మధ్యాహ్నం రెండింటికి కొన్ని పేర్లు కొట్టేసి ఉన్నాయా? అలా ఉంటే ఏ రోజుది ఆ రోజు వండుతున్నారని. నూటయాభై రకాల మెనూ ఉందంటే ఫ్రీజర్ పెద్దదని అర్థం. తర్వాత పెనం దగ్గర నిలబడి చూస్తాను. దోసెకూ దోసెకూ మధ్య నీళ్లు చల్లి, సగం కోసిన ఉల్లిపాయతోనో చీపురు పుల్లలతోనో తుడుస్తున్నారంటే ఆ చెయ్యి పనితనం తెలిసిన చెయ్యి. చివరగా చట్నీ. పైన పోపు ఇంకా కరకరలాడుతోందా, లేక మెత్తబడి చట్నీలో కలిసిపోయిందా? మెత్తబడితే అది చేసి చాలాసేపైనట్టు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇడ్లీయే చెప్పండి. మసాలా దోసెలో లోపాన్ని కూర కప్పేస్తుంది, ఇడ్లీలో ఏదీ దాగదు. చలికాలంలో ఇక్కడ పిండి పులియడమే ఒక యుద్ధం. లైటు వేసిన అవెన్‌లో గిన్నె పెట్టి రాత్రంతా కాచుకోవాలి. జనవరిలో కూడా మెత్తటి ఇడ్లీ పెట్టగలుగుతున్నారంటే ఆ వంటింట్లో ఎవరో శ్రద్ధగా ఉన్నారన్నమాట. ఇడ్లీ పలుకుపలుకుగా ఉంటే ఇడ్లీ రవ్వతో చేసింది, మన ఇళ్లలో చేసినట్టు. దూదిలా ఉంటే ఉప్పుడు బియ్యం రుబ్బింది, తమిళుల పద్ధతి. రెండూ మంచివే. సాంబారు కాస్త తియ్యగా ఉంటే వండింది ఉడుపి చెయ్యి అయ్యుండొచ్చు, పాడైందని అనుకోకండి. మెనూలో పెసరట్టు, గోంగూర, ముద్దపప్పు కనబడితే మాత్రం వంటింట్లో తెలుగువాళ్లున్నారని దాదాపు ఖాయం. అడగండి, పలకరించండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బోర్డు మీద తెలుగు పేరు ఉంటేనే లోపలికెళ్తానని పట్టుబట్టకండి. నేను తిన్న మంచి భోజనాల్లో సగం తమిళుల దగ్గర, మలయాళీల దగ్గర, శ్రీలంకవాళ్ల దగ్గర తిన్నవి. మన్‌హాటన్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు పక్కన ఒక శ్రీలంక తమిళుడు 2001లో దోసెల బండి పెట్టాడు. న్యూయార్క్ వీధి వంటవాళ్లకు అప్పట్లో ఇచ్చిన 'వెండీ అవార్డ్స్' కప్పు 2007లో ఆయనకే వచ్చింది. చిన్న బండి మీద, ఒక్క పెనం మీద సంపాదించుకున్న పేరు అది. అలాంటి బండి ముందు లైన్లో నిలబడి తిన్న దోసె రుచి, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద రాదు.

ఫోన్‌లో రివ్యూలు చూడొద్దని అనను. స్టార్లు వదిలేసి మాటలు చదవండి. "కూర్చోవడానికి చోటు లేదు", "కాగితం ప్లేట్లలో పెట్టారు", "ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది" అని తిట్టినచోటికి నేను ధైర్యంగా వెళ్తాను, ఎందుకంటే ఒక్కరూ తిండిని తిట్టలేదు. గత రెండు మూడు నెలల రివ్యూలే లెక్కలోకి తీసుకోండి. చిన్న హోటల్ అంటే ఒక్క వంటమనిషి. ఆ మనిషి వెళ్లిపోతే పేరు అదే ఉంటుంది గానీ రుచి మారిపోతుంది.

చిన్నది కదా అని శుభ్రం విషయంలో రాజీపడొద్దు. న్యూయార్క్ నగరంలో 2010 నుంచి ప్రతి హోటల్ కిటికీలో తనిఖీ గ్రేడ్ అంటిస్తారు. 13 పాయింట్ల దాకా తప్పులుంటే ఏ, 27 దాకా బీ, అంతకు మించితే సీ. న్యూజెర్సీలో అక్షరాలుండవు, 'శాటిస్‌ఫ్యాక్టరీ' అన్న కార్డు తలుపు దగ్గర ఉండాలి. కౌంటర్‌లో పెట్టిన కూర మీద ఆవిరి లేకపోతే తీసుకోకండి. పొద్దుటి అన్నం సాయంత్రం చల్లగా పెడితే అది కూడా వద్దు. వేరుశనగ పడనివాళ్లు చట్నీ గురించి తప్పకుండా అడగాలి, మన చట్నీల్లో సగం వాటితోనే చేస్తారు.

డబ్బు సంగతి. న్యూజెర్సీలో వండిన భోజనం మీద 6.625 శాతం పన్ను పడుతుంది. బల్ల దగ్గరికి తెచ్చి వడ్డిస్తే 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం ఇక్కడి రివాజు. ఇది ఎగ్గొట్టొద్దు. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, 1991 నుంచి అదే అంకె. రాష్ట్రాలు కొన్ని ఎక్కువ ఇప్పిస్తాయి, అయినా వాళ్ల బతుకు టిప్పు మీదే. కౌంటర్ దగ్గర మీరే ప్లేటు తెచ్చుకుంటే తప్పనిసరేమీ కాదు. జేబులో ఒక ఇరవై డాలర్ల నోటు ఉంచుకోండి, పది డాలర్ల లోపు బిల్లుకు క్రెడిట్ కార్డు తీసుకోం అని చెప్పడానికి కొట్టువాళ్లకు చట్టమే వీలిస్తుంది.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. రోజూ వెళ్తుంటే ఆ హోటల్ వాళ్లే ప్రేమగా "వారాంతం వచ్చి సాయం చెయ్యి, క్యాష్ ఇస్తాం" అనొచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచెయ్యకూడదు. క్యాంపస్‌లో అయినా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. నాలుగు డాలర్ల కోసం వీసా స్టేటస్ పోగొట్టుకుని కన్నీళ్లతో ఇంటికి వెళ్లినవాళ్లను నేను చూశాను. చేతులు జోడించి చెబుతున్నాను, వద్దు. "అంకుల్, నా వీసా ఒప్పుకోదండీ" అని నవ్వుతూ చెప్పేయండి, ఎవరూ నొచ్చుకోరు.

వాట్సాప్ గ్రూపుల్లో ఇంట్లో వండి అమ్మేవాళ్లు కూడా ఉంటారు. వంట చాలాసార్లు అద్భుతంగా ఉంటుంది. అయితే ఇంటి వంటింట్లో భోజనం వండి అమ్మడానికి చాలా రాష్ట్రాలు అనుమతివ్వవు. కాలిఫోర్నియాలో 2019 నుంచి, ఒప్పుకున్న కౌంటీల్లో మాత్రం, పర్మిట్‌తో చెయ్యొచ్చు. తినే ముందు ఆ సంగతి కనుక్కోండి.

ఒకసారి నచ్చిందా, అదే చోటికి అదే వేళకు నాలుగైదుసార్లు వెళ్లండి. మొదట మీ ముఖం గుర్తుపడతారు, తర్వాత కారం కొలత, ఆ తర్వాత మెనూలో లేనివి బయటికొస్తాయి. మా బియ్యం బస్తాల సందులో నాకు పొట్లకాయ పెరుగు పచ్చడి అలాగే దొరికింది. ఆవిడ తన కోసం చేసుకున్నదాంట్లోంచి రెండు చెంచాలు వేసింది. చాలాచోట్ల రుబ్బిన పిండి కూడా డబ్బాల్లో అమ్ముతారు. మీ గదిలో పెనం ఉంటే వారం గడిచిపోతుంది.

ఆ అమ్మాయికి నేను మొదట చెప్పింది ఫ్లషింగ్ గుడి క్యాంటీన్. న్యూయార్క్ సబ్‌వేలో ఏడో నంబరు రైలు ఎక్కి చివరి స్టేషన్ మెయిన్ స్ట్రీట్‌లో దిగాలి. అక్కడి నుంచి బౌన్ స్ట్రీట్ మీదుగా కాస్త దూరం నడక. శనివారం పొద్దున్నే వెళ్లమన్నాను, పదకొండు దాటితే లైను పెరిగిపోతుంది.