టెక్ సందేహాలు: డోలో వేసుకుంటే ఫోన్‌లో షుగర్ ఎందుకు పెరిగింది?

ఈ వారం స్లో ల్యాప్‌టాప్‌లు, ఫోన్ స్టోరేజీలు పక్కన పెడదాం. చేతికి అంటించుకునే షుగర్ సెన్సార్ల మీద నాలుగు ప్రశ్నలు వచ్చాయి, చదువుతుంటే మూడింటికి జవాబు ఒక్కచోటే కనిపించింది, చర్మం కిందికి వెళ్లే ఆ భాగం మీద పూసే సన్నటి పొరలో, దాన్నే మెంబ్రేన్ అంటారు.

నాన్నగారికి జ్వరమొచ్చి డోలో 650 వేసుకున్నారు. గంట తర్వాత యాప్‌లో షుగర్ 140 నుంచి 230కి వెళ్లింది, వేలు పొడిచి చూస్తే 150 ఉంది. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, ఫోన్ మార్చి చూశా, లాభం లేదు. — గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

యాప్‌దీ ఫోన్‌దీ తప్పు కాకపోవచ్చండీ. మీరు వేలు పొడిచి చూశారు చూడండి, చాలా మంచి పని చేశారు, ఆ 230ని నమ్మి ఇన్సులిన్ వేసుంటే షుగర్ పడిపోయేది.

సెన్సార్ తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది గ్లూకోజ్‌ని ఆక్సిజన్‌తో కలిపి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, తీగకి దాదాపు 0.6 వోల్టులు పెడితే ఆ పెరాక్సైడ్ ఎలక్ట్రాన్లు వదుల్తుంది, ఆ కాస్త కరెంటునే యాప్ షుగర్ లెక్కలోకి మారుస్తుంది. క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు 1962లో ఎంజైమ్‌ని పొరల మధ్య పెట్టి గ్లూకోజ్ కొలవొచ్చని చెప్పారు, అక్కడ మొదలైంది ఇదంతా. చిక్కేంటంటే అంత వోల్టేజీ దగ్గర డోలోలో ఉండే పారాసిటమాల్ మందు కూడా ఎలక్ట్రాన్లు వదుల్తుంది, కరెంటు గ్లూకోజ్ వల్ల వచ్చిందో మాత్ర వల్ల వచ్చిందో తీగకి తెలీదు, రెండూ కలిపి చూపించేస్తుంది.

అందుకే ఎంజైమ్‌కీ తీగకీ మధ్య ఇంకో పొర వేస్తారు. యూరిక్ యాసిడ్‌కీ విటమిన్ సికీ మన ఒంట్లో నెగటివ్ చార్జ్ ఉంటుంది కాబట్టి నాఫియాన్ అనే ప్లాస్టిక్ లాంటి నెగటివ్ పొర వాటిని దూరంగా తోసేస్తుంది. పారాసిటమాల్‌కి చార్జే లేదు, ఆ పొరలోంచి దర్జాగా వచ్చేస్తుంది. దాన్ని సైజుతో ఆపాలి, అంటే చిన్నదైన పెరాక్సైడ్ దూరాలి, పెద్దదైన పారాసిటమాల్ ఆగిపోవాలి, అంత బిగువుగా ఉండాలి పొర. డెక్స్‌కామ్ అనే సెన్సార్ల కంపెనీ వాళ్లు జీ5 మోడల్ దాకా పారాసిటమాల్‌తో రీడింగ్ తప్పొస్తుందని హెచ్చరించేవాళ్లు, 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన జీ6లో ఈ పొర పెట్టాక 6 గంటలకి 1 గ్రాము దాకా పర్లేదన్నారు. మీరు మోడల్ పేరు రాయలేదు, కాబట్టి డబ్బాలో వచ్చిన పుస్తకంలో పారాసిటమాల్ గురించి ఏం రాశారో చూడండి, జ్వరం తగ్గేదాకా వేలు పొడిచిన రీడింగ్‌నే లెక్కలోకి తీసుకోండి.

లిబ్రే అనే ఇంకో కంపెనీ సెన్సార్ వాడేవాళ్లకి ఒక మాట. అందులో ఎంజైమ్ నుంచి తీగకి ఎలక్ట్రాన్లని ఆస్మియం అనే లోహం ఉన్న పాలిమర్ చేరవేస్తుంది, వోల్టేజీ బాగా తక్కువ, కాబట్టి పారాసిటమాల్ గొడవ లేదు. కానీ విటమిన్ సి అంత తక్కువ వోల్టేజీలో కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. లిబ్రే 2 అమెరికా గైడ్‌లో రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే రీడింగ్ ఎక్కువ చూపించొచ్చని రాశారు, మన మెడికల్ షాపుల్లో దొరికే చప్పరించే 500 మాత్రలు రెండు వేసుకుంటే దాటేసినట్టే.

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టులో గ్లూకోజ్ సెన్సార్ చేస్తున్నాం. పైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తే కరెంటు పదో వంతుకి పడిపోయింది, పూత తీసేయమంటున్నారు మా గైడ్. — కాకినాడ నుంచి ఒక విద్యార్థి

తీసేయొద్దు తమ్ముడూ, కరెంటు తగ్గడం దోషం కాదు, ఆ పొర ఉన్నదే అందుకు!

అణువుల లెక్కలో చూస్తే షుగర్ 100 అంటే లీటరుకి దాదాపు 5.6 మిల్లీమోల్. చర్మం కింద ఆక్సిజన్ చూస్తే 0.2 మిల్లీమోల్ కూడా ఉండదు. ఒక్కో గ్లూకోజ్‌కి ఒక్కో ఆక్సిజన్ కావాలి ఎంజైమ్‌కి, పెళ్లికి వెయ్యి మంది వస్తే ముప్ఫై విస్తళ్లే ఉన్నట్టు. పూత లేకపోతే షుగర్ 200 అయినా 350 అయినా కరెంటు ఒకేలా ఉంటుంది, ఎందుకంటే నువ్వు కొలుస్తున్నది గ్లూకోజ్‌ని కాదు, అక్కడున్న ఆక్సిజన్‌ని. పైపొర గ్లూకోజ్‌ని గట్టిగా అడ్డుకుని ఆక్సిజన్‌ని ధారాళంగా రానివ్వాలి. నీళ్లు పీల్చే భాగాలు కలిపిన పాలీయురేథేన్ అందుకే వాడతారు, ఆక్సిజన్ సిలికోన్‌లో బాగా కరుగుతుంది కాబట్టి అది కూడా కలుపుతారు.

మరి మందంగా వేసేస్తే సరిపోతుందా అంటే కాదు. మందం రెట్టింపు చేస్తే గ్లూకోజ్ రాక సగమవుతుంది, దాటడానికి పట్టే టైమ్ మాత్రం నాలుగు రెట్లవుతుంది. చర్మం కింది ద్రవంలోకి షుగర్ రావడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, దాని మీద నీ పొర ఇంకో పది నిమిషాలు కలిపితే షుగర్ పడిపోతున్న మనిషికి అలారం ఆలస్యంగా మోగుతుంది.

టెస్టులు 37 డిగ్రీల దగ్గర చెయ్యి. నైట్రోజన్ కలిపి ఆక్సిజన్ తగ్గించి షుగర్ 400 దాకా కరెంటు గీత వంగకుండా తిన్నగా వస్తోందో చూడు, పారాసిటమాల్, విటమిన్ సి వేసి చూడు, సీరంలో రెండు వారాలు నానబెట్టి మళ్లీ మొదట్నుంచీ చెయ్యి. పూతలో సూదిమొన రంధ్రం ఒక్కటున్నా గ్లూకోజ్ అక్కడ్నుంచే దూసుకొస్తుంది. పాలీయురేథేన్‌ని కరిగించడానికి టీహెచ్‌ఎఫ్ వాడుంటే అది పూర్తిగా ఆరిపోవాలి, మిగిలితే కణాలకి విషం. మనిషి ఒంట్లోకి వెళ్లే దేనికైనా ఐఎస్‌ఓ 10993 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కణాల మీద, చర్మం మీద పరీక్షలుంటాయి, అవేవీ లేకుండా ఫ్రెండ్ చేతికో నీ చేతికో గుచ్చుకుని చూసే ఆలోచన మాత్రం పెట్టుకోకు, దయచేసి.

రాత్రి రెండింటికి షుగర్ 55 అని అలారం, లేచి చూస్తే 110. — కరీంనగర్

ఆ చెయ్యి మీద పడుకుంటున్నారు. ఒత్తిడికి అక్కడ రక్తం, ద్రవం కదలడం తగ్గి రీడింగ్ పడుతుంది, పక్కకి తిరిగితే కాసేపట్లో సర్దుకుంటుంది. అలారాన్ని మాత్రం ఆపేయకండి, ఏదో ఒక రాత్రి అది నిజం కావచ్చు.

మామయ్యగారికి ఏడాది పాటు ఉండే ఇంప్లాంట్ పెట్టిద్దామనుకుంటున్నాం. అన్నాళ్లు ఒంట్లో ఉంటే ప్రమాదం కాదా? — డాలస్ నుంచి ఒక పాఠకుడు

మీరంటున్నది ఎవర్‌సెన్స్ 365 అయ్యుండాలి, 2024 సెప్టెంబర్‌లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఇందులో ఎంజైమ్ లేదు, గ్లూకోజ్ అంటుకుంటే వెలుగు మారే హైడ్రోజెల్, అంటే నీళ్లు పట్టి ఉంచే జెల్ ఉంటుంది.

ఒంట్లోకి ఏది పెట్టినా శరీరం ఊరుకోదు. నిమిషాల్లో ప్రొటీన్లు అంటుకుంటాయి, తర్వాత బయటి వస్తువుల్ని మింగే మాక్రోఫేజ్ కణాలొస్తాయి, కొన్ని వారాల్లో చుట్టూ పీచులాంటి గోడ కట్టేస్తాయి, రక్తనాళాలు పెద్దగా లేని ఆ గోడ దాటి గ్లూకోజ్ సరిగ్గా రాదు, సెన్సార్ బాగానే ఉన్నా గుడ్డిదైపోతుంది. ఎవర్‌సెన్స్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ని కొద్దికొద్దిగా వదిలే సిలికోన్ రింగు పెట్టారు, వాపుని ఆ చుట్టుపక్కలే అణచడానికి. నాకు ఇంకా ఆశ కలిగించే దారి వేరే ఉంది. వాషింగ్టన్ యూనివర్సిటీలో బడ్డీ రాట్నర్ బృందం 30 నుంచి 40 మైక్రాన్ల రంధ్రాలున్న పొరల మీద పనిచేసింది, ఆ సైజులో గోడ పల్చబడి రక్తనాళాలు లోపలికి అల్లుకుంటాయి, మందుతో అణచడం కాదు, ఒంటినే కలుపుకుపోవడం.

మామయ్యగారి డాక్టర్‌ని రెండు విషయాలు అడగండి. ఆయనకి స్టెరాయిడ్ పడుతుందా అన్నది ఒకటి. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్ ఈ సెన్సార్ రీడింగ్‌ని తక్కువ చూపించగలవు, మానిటాల్ ఎక్కించినా, సార్బిటాల్ ఎక్కించినా ఎక్కువ చూపించగలదు, కాబట్టి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చేతిలో సెన్సార్ ఉందని ముందే ఎవరికి చెప్పాలన్నది రెండోది.