అమెరికా ఎన్నికలు అర్థం కావాలంటే ముందు అక్కడి పార్టీ సంగతి తెలియాలి

"ఉద్యోగం మీద కొత్తగా అమెరికా వచ్చాను. ప్రైమరీ, కాకస్, స్వింగ్ స్టేట్, సూపర్ ప్యాక్ అంటుంటే ఒక్క ముక్క ఎక్కడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. నేను అట్లాంటా శివారులో ఉంటాను. పౌరసత్వం వచ్చాక ఇక్కడే ఓటు వేస్తున్నాను. నన్నడిగితే పార్టీ దగ్గర మొదలుపెట్టండి. మన పార్టీలను మనసులో పెట్టుకుని చూస్తే ఇక్కడ ఏదీ అతకదు.

మన దగ్గర టికెట్ ఇచ్చేది అధిష్ఠానం. బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ ఆ బీ-ఫారమే లేదు. డెమొక్రాట్ల తరఫున ఎవరు, రిపబ్లికన్ల తరఫున ఎవరు (టీవీలో జీఓపీ అనేది వీళ్లనే) అన్నది మామూలు ఓటర్లు ఓటు వేసి తేలుస్తారు. అదే ప్రైమరీ. కొన్ని రాష్ట్రాల్లో పోలింగ్ బదులు పార్టీవాళ్లు ఊరూరా సమావేశమై తేల్చుకుంటారు, అది కాకస్. కాకస్ గురించి ఇంతకుమించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మా జార్జియాలో పార్టీ పేరుతో ఓటరు నమోదు ఉండదు. ప్రైమరీ రోజు బూత్‌లో ఏ పార్టీ బ్యాలెట్ కావాలని అడుగుతారు. ఏదైనా తీసుకోవచ్చు, కానీ ఒక్కటే. మొదటిసారి అడిగినప్పుడు నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది, వెనకాల లైన్లో మా వీధివాళ్లే ఉన్నారు మరి! ఓటు ఎవరికి వేశామన్నది రహస్యమే. ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నామన్నది మాత్రం రికార్డుల్లో ఉంటుంది, పార్టీలు ఆ జాబితా తెప్పించుకుంటాయి. తర్వాత పోస్టులో ఎవరి కరపత్రాలు వస్తాయన్నది చాలావరకు దాన్నిబట్టే. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో అలా కుదరదు. ముందే ఆ పార్టీ పేరుతో నమోదై ఉండాలి. దాన్ని క్లోజ్డ్ ప్రైమరీ అంటారు.

టికెట్ ఓటరు చేతిలో ఉంటే ఏమవుతుందో చూడండి. 2014లో వర్జీనియాలో ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయారు. అప్పటికి ఆయన ప్రతినిధుల సభలో (మన లోక్‌సభ లాంటిది) మెజారిటీ లీడర్, ఓడించినవాడు ఒక కాలేజీ ప్రొఫెసర్. అలాగే 2017లో ఒబామా ఆరోగ్య బీమా చట్టంలోని భాగాలను రద్దుచేసే బిల్లుకు రిపబ్లికన్ సెనేటర్ (ఎగువ సభ సెనేట్ సభ్యుడు) జాన్ మెకెయిన్ వ్యతిరేకంగా ఓటేశారు, బిల్లు వీగిపోయింది. మన దగ్గరైతే విప్ ధిక్కరించినందుకు సభ్యత్వం మీదికి వచ్చేది. ఇక్కడ ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు, ఆయన సీటుకు ఏమీ కాలేదు.

మరి ఎవరికీ భయం లేదా అంటే, ఉంది. అది మళ్లీ ప్రైమరీ భయమే. చాలా రాష్ట్రాల్లో నియోజకవర్గాల గీతలు గీసేది అక్కడి శాసనసభ. అధికారంలో ఉన్నవాళ్లు తమకు కలిసొచ్చేలా గీసుకుంటారు. దీన్నే జెర్రీమాండరింగ్ అంటారు. అలా గీసిన సీట్లలో నవంబరులో జరిగే తుది ఎన్నిక ఫలితం ముందే తెలిసిపోతుంది, అసలు పోటీ ప్రైమరీలోనే. అక్కడికి వచ్చేది కొద్దిమంది, అదీ పార్టీ అంటే పట్టుదల ఉన్నవాళ్లు. వాళ్లకు కోపం తెప్పించే ఓటు వేయాలంటే సభ్యులకు టెన్షన్. వార్తల్లో కనిపించే మొండిపట్టులో చాలా భాగం ఇక్కడే పుడుతుంది.

ఇక ఎలక్టోరల్ కాలేజీ. అధ్యక్షుణ్ని ఎన్నుకునేది దీని ఓట్లతోనే. మొత్తం 538 ఓట్లు, గెలవాలంటే 270. ఒక్కో రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లుంటే అన్ని, దానికి సెనేటర్ల లెక్కన ఇంకో రెండు. రాజధాని వాషింగ్టన్‌కు మూడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా రాష్ట్రం ఓట్లన్నీ గెలిచినవాళ్లకే. 2020లో జార్జియాలో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లు, ఎలక్టోరల్ ఓట్లు మాత్రం పదహారుకు పదహారూ ఆయనకే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోయింది ఇందుకే.

ఎటైనా మొగ్గగల రాష్ట్రమే స్వింగ్ స్టేట్. అందులో ఉండటం ఎలా ఉంటుందో 2020 చివర్లో చూశాను. జార్జియాలో సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే రన్ఆఫ్, అంటే రెండో విడత పోలింగ్. అప్పుడు మా రెండు సెనేట్ సీట్లూ రన్ఆఫ్‌కు వెళ్లాయి, సెనేట్ ఎవరిదో వాటితోనే తేలాలి. డిసెంబరంతా ఫోన్లు, మెసేజ్‌లు, తలుపు తట్టే వాలంటీర్లు. తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా వచ్చారు. కాలిఫోర్నియాలో ఉండే మా బావగారికి అధ్యక్ష ఎన్నికప్పుడు కూడా ఇంత హడావిడి తెలియదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024లో ఒక వ్యక్తి అభ్యర్థికి నేరుగా ఇవ్వగలిగింది ఎన్నికకు 3,300 డాలర్లు. సూపర్ ప్యాక్ అంటే ఎన్నికల ప్రచారానికి డబ్బు పోగుచేసే సంఘం, దానికి ఇచ్చే డబ్బుకు ఆ పరిమితి లేదు. కాకపోతే అది అభ్యర్థికి డబ్బు ఇవ్వకూడదు, విడిగా ప్రచారం చేసుకోవాలి.

మీరు హెచ్-1బీ మీద ఉంటే ఓటూ లేదు, విరాళమూ ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు వచ్చాక విరాళం ఇవ్వవచ్చు, ఓటు మాత్రం పౌరసత్వం తర్వాతే. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే, తొందరలో అవునని టిక్ పెట్టకండి. రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు అదే మెడకు చుట్టుకోవచ్చు.