తప్పిపోయిన పిల్లల పడకగది ఫోటోలు చూసి ఆన్‌లైన్‌లో మామూలు జనం కేసు తేల్చగలరా?

తేల్చలేరు. చెడగొట్టడం మాత్రం బాగా చేయగలరు. ప్రశ్న అడిగినవారు కింద వివరణలో "వేలమంది ఒకే ఫోటోను పట్టి పట్టి చూస్తే పోలీసులకు కనబడనిది కనబడదా" అని కూడా రాశారు. నా గొడవంతా ఆ వాక్యంతోనే. వేలమంది చూస్తే వేల కథలు కనబడతాయి. వాటిలో ఏది నిజమో ఆ ఫోటో చెప్పదు.

నేను డిటెక్టివ్‌ని కాదు. ఇళ్లు అమ్మేవాళ్లకీ, అద్దెకిచ్చేవాళ్లకీ గదుల ఫోటోలు తీసిపెట్టడం నా పని. ఇరుకు గదిని విశాలంగా, చీకటి గదిని వెలుతురుగా చూపించడానికే నాకు డబ్బులిస్తారు. గది ఫోటో ఎంత నమ్మకంగా అబద్ధమాడుతుందో నాలాంటివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. ఫోటో చూసి వచ్చినవాళ్లు గదిలో అడుగుపెట్టగానే "ఇదేనా?" అనడం నాకు అలవాటైపోయింది.

నా దగ్గర ఎడిటింగ్ చేసే కుర్రాడు ఇలాంటి కేసులు తవ్వే ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఉండేవాడు. ఒకరోజు "అన్నా, మీరైతే ఇట్టే చెప్పేస్తారు, ఒక్కసారి చూడండి" అని నన్నూ అందులో చేర్చాడు. వాళ్లు తవ్వుతున్నది మాడెలిన్ మెక్‌కాన్ కేసు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2007 మే 3 రాత్రి, పోర్చుగల్‌లోని ప్రయా దా లుజ్ అనే సముద్రతీరపు ఊళ్లో, సెలవులకు వచ్చిన ఒక బ్రిటిష్ కుటుంబం దిగిన 5ఏ అపార్ట్‌మెంట్ నుంచి పాప మాయమైంది. నాలుగేళ్లు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. అదే గదిలో రెండేళ్ల కవలలు, తమ్ముడూ చెల్లీ, నిద్రపోతూనే ఉన్నారు. తల్లిదండ్రులు దగ్గర్లోని రెస్టారెంట్‌లో స్నేహితులతో భోజనం చేస్తూ మధ్యమధ్యలో వచ్చి చూసి వెళ్తున్నారు. పదింటి ప్రాంతంలో తల్లి వచ్చేసరికి మంచం ఖాళీ. కిటికీ తెరిచి ఉందనీ, షట్టర్ పైకి లేపి ఉందనీ ఆమె చెప్పారు. 2008లో పోర్చుగల్ పోలీసులు దర్యాప్తు ఆపి, ఆగస్టులో ఫైళ్లు బయటపెట్టారు. అప్పటినుంచి ఆ గది ఫోటోలు ప్రపంచమంతా తిరుగుతూనే ఉన్నాయి.

గ్రూపులో ఒకాయన్ని అందరూ "సార్" అనే పిలిచేవారు. ఆయన ఆ గది ఫోటో మీద ఎర్రగీతలు గీశారు. మంచానికీ, కవలల తొట్టెమంచానికీ మధ్య సందు ఇన్ని సెంటీమీటర్లే ఉందట. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని చీకట్లో ఒక మనిషి అందులోంచి నడవలేడట. కాబట్టి బయటివాడెవడూ రాలేదట. కింద చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. ఒకావిడ "సార్, మీరు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినవారు" అని రాశారు.

"ఆ కొలత ఎలా వచ్చింది సార్?" అని అడిగాను.

"తలుపు వెడల్పుతో పోల్చాను. తలుపులు ప్రతిచోటా ఇంచుమించు ఒకే సైజు కదా."

ఆ తలుపు ఫ్రేములో ఎక్కడుందో చూశాను. అంచున ఉంది. వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తే అంచుల్లో ఉన్నవన్నీ పక్కలకు సాగుతాయి. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు లావుగా పడేది అందుకే. పైగా అలాంటి లెన్స్‌తో గది మూలలో వస్తువులకు దగ్గరగా నిలబడి తీస్తాం కాబట్టి ముందున్నది భారీగా, వెనకున్నది బొమ్మంత కనిపిస్తుంది. సాగిన తలుపును కొలబద్దగా పట్టుకుని, గది మధ్యలో ఉన్న సందును కొలిచారు సారు. పోలీసు ఫోటోగ్రాఫర్లు ముందు గది మొత్తం తీస్తారు, తర్వాత వస్తువును దాని చుట్టుపక్కలతో కలిపి తీస్తారు, ఆఖరున పక్కన స్కేలు పెట్టి దగ్గరగా తీస్తారు. ఆ స్కేలు పెట్టేదే ఫోటో తనంతట తాను కొలత చెప్పలేదు కాబట్టి. ఇదంతా ఓపిగ్గా రాశాను. "మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు బ్రదర్?" అని సమాధానం వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. దాన్ని అడిగి, దాని గది ఫోటోలు తీశాను. గోడకున్న టైమ్‌టేబుల్, పేరు రాసున్న పుస్తకాలు కనబడకూడదని అదే షరతు పెట్టింది. వస్తువులేవీ కదపలేదు. తలుపు దగ్గరినుంచి వైడ్ లెన్స్‌తో ఒకటి, వెనక్కి వెళ్లి హాల్లోంచి మామూలు లెన్స్‌తో ఇంకొకటి. మొదటిదాంట్లో పసుపుపచ్చ బల్బు వెలుగు, రెండోదాంట్లో పగటి వెలుగు. రెండూ గ్రూపులో పెట్టి "ఇక్కడ ఏం జరిగి ఉంటుంది?" అని మాత్రం రాశాను. పిల్ల తప్పిపోయిందని నేనెక్కడా అనలేదు. వాళ్లే అనేసుకున్నారు.

అరగంటలో కేసు తేలిపోయింది! రెండు ఫోటోల్లో దుప్పటి రంగు తేడాగా ఉంది కాబట్టి మధ్యలో ఎవరో దుప్పటి మార్చేశారు. చెప్పు ఒకటే కనబడుతోంది కాబట్టి పిల్లను లాక్కెళ్లారు. కర్టెన్ సగం మాత్రమే మూసి ఉంది కాబట్టి లోపల్నుంచి ఎవరో సైగ చేశారు. మంచం మరీ నీటుగా సర్ది ఉంది, ఆ వయసు పిల్లల గది అలా ఉండదు, ఇది "స్టేజ్" చేసిన, అంటే కావాలని అలా సర్దిపెట్టిన గది అని ఒకాయన తీర్పిచ్చారు. ఆ ఫోటోలోనే కుర్చీ మీద బట్టల గుట్ట చూసి ఇంకొకాయన, ఇంత చిందరవందరగా ఉందంటే పెనుగులాట జరిగిందన్నారు. ఒకే గది నీటుగానూ ఉంది, చిందరవందరగానూ ఉంది, రెండూ నేరానికి రుజువే. సారు రెండు ఫోటోల్లో కిటికీకీ మంచానికీ దూరం కొలిచి, మంచం జరిపారని తేల్చారు. చివరికి అందరూ కలిసి తండ్రి మీద పడ్డారు. ఫోటోలు బయటపెట్టినవాడు అంత తాపీగా ఎలా ఉన్నాడట! ఆ తండ్రిని నేనే.

అమ్మాయి పక్కన కూర్చుని అన్నీ చదివింది. "నాన్నా, రెండో చెప్పు మంచం కింద ఉందని చెప్పు వాళ్లకి" అంది. చెప్పాను. ఈ పిల్ల బతికే ఉంది, నా పక్కనే ఉంది, దుప్పటి మారలేదు, మారింది వెలుగు. మంచం జరగలేదు, జరిగింది నేను అని రాశాను. ఒక్కరైనా నవ్వుతారనుకున్నాను. మోసం చేశానని నన్ను గ్రూపులోంచి తీసేశారు.

తీసేస్తే తీసేశారు. అడ్మిన్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఇంకో జవాబు అవుతుంది, వదిలేస్తున్నా.

5ఏ సంగతికి వస్తే, లెన్స్ కంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ఆ గదిని మూసి సీలు వేసేలోపే దాదాపు 20 మంది లోపల తిరిగారు. తల్లిదండ్రులు, స్నేహితులు, రిసార్ట్ సిబ్బంది, పోలీసులు, అందరూ పాప కోసం వెతుకుతూ వచ్చినవాళ్లే. పిల్ల కనబడకపోతే ఎవరైనా చేసేది అదే కదా, దుప్పటి ఎత్తి చూస్తారు, మంచం కింద చూస్తారు, అల్మారా తెరుస్తారు. తర్వాత ఆ అపార్ట్‌మెంట్ ఒక నెల ఖాళీగా ఉండి, మళ్లీ పర్యాటకులకు అద్దెకు వెళ్లింది. అదే ఏడాది ఆగస్టులో పరీక్షల కోసం మళ్లీ సీలు వేశారు. ఇప్పుడు చెప్పండి, ఫోటోలో దుప్పటి మడత చూసి ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఏం జరిగిందో ఎలా చెప్తారు? ఫోటోలో కనిపించేది వెతుకులాట తర్వాతి గది.

ఈ కేసులోనే నాకు బాగా గుర్తుండిపోయిన విషయం ఇంకొకటుంది. ఆ రాత్రి 9.15 ప్రాంతంలో ఒక మనిషి చిన్నపిల్లను చేతుల్లో ఎత్తుకుని వెళ్తుండగా చూశానని ఆ కుటుంబ స్నేహితురాలొకరు చెప్పారు. ఏళ్ల తరబడి ఆమె మాటల్ని బట్టి గీసిన ఆ మనిషి బొమ్మ చుట్టూనే అందరి ఊహలూ తిరిగాయి. 2013 అక్టోబరులో లండన్ పోలీసులు ఏమన్నారో తెలుసా? అతను దాదాపుగా అక్కడే దిగిన ఒక బ్రిటిష్ యాత్రికుడు అయ్యుంటాడు, పిల్లల్ని చూసుకునే చోటు నుంచి తన కూతుర్నే తీసుకెళ్తున్నాడు అని. ఒక తండ్రి తన బిడ్డను ఎత్తుకెళ్లడం ఆరేళ్లపాటు కిడ్నాప్ లాగా కనబడింది. అదీ కళ్లారా చూసిన మనిషి చెప్పిన మాట మీద. ఇక ఫోటోలో షట్టర్ చూసి చెప్పేవాళ్ల సంగతేమిటి?

ఇంకో కేసు, ఇది కూడా పడకగదిదే. 2002 జూన్ 5న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో పద్నాలుగేళ్ల ఎలిజబెత్ స్మార్ట్‌ను తన మంచం మీదినుంచే లేపి తీసుకెళ్లిపోయారు. వంటగది కిటికీ జాలీ కోసి ఉంది. అది లోపల్నుంచి కోసిందేమో అన్న ఊహలు పత్రికలకెక్కి, కొన్నాళ్లు చూపంతా ఇంటివాళ్ల మీదే పడింది. జాలీ ఏమీ తేల్చలేదు. తేల్చింది అదే గదిలో నిద్ర నటించిన తొమ్మిదేళ్ల చెల్లెలు. ఆ రాత్రి అక్కను తీసుకెళ్లినవాడి గొంతు ఎవరిదో నెలల తర్వాత ఆ పిల్లకు తట్టింది: అంతకుముందు ఏడాది ఇంట్లో చిన్న పనికి వచ్చిన మనిషిది. అతని బొమ్మ టీవీలో వచ్చాక, రోడ్డు మీద చూసినవాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. 2003 మార్చి 12న ఎలిజబెత్ ప్రాణాలతో దొరికింది. జనం సాయం చేశారా అంటే చేశారు, నిజమే. కానీ వాళ్లు చేసిందేమిటి? "ఈ మనిషిని ఇప్పుడే ఇక్కడ చూశాను" అని చెప్పారు. ఎవరి దుప్పటి మడతలూ విప్పి చూడలేదు.

నా పాయింట్ మొత్తం ఆ తేడాలోనే ఉంది. వస్తువునో మనిషినో గుర్తుపట్టడం ఒక పని, ఫోటో చూసి ఏం జరిగిందో, ఎవరి మనసులో ఏముందో చెప్పడం ఇంకో పని. మొదటిది జనానికి బాగా చేతనవును. యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి "ట్రేస్ యాన్ ఆబ్జెక్ట్" అని ఒకటి నడుపుతోంది. పిల్లల మీద అఘాయిత్యాల చిత్రాల్లో వెనక కనిపించే సంచో, బట్టముక్కో, సీసానో కత్తిరించి, పిల్లలు కనబడకుండా ఆ వస్తువు ఒక్కటే జనం ముందు పెడతారు. ఇది ఏ దేశంలో అమ్ముతారు, ఎక్కడ చూశారు, అంతే అడుగుతారు. సమాధానం నేరుగా పోలీసులకు వెళ్తుంది. అలాగే 2016లో అమెరికాలో ట్రాఫిక్‌క్యామ్ అనే యాప్ వచ్చింది. హోటల్లో దిగినవాళ్లు తమ గది ఫోటోలు పంపితే, మనుషుల అక్రమ రవాణా చిత్రాల్లో వెనకున్న గది ఏ హోటల్‌దో పోల్చుకోవడానికి పనికొస్తాయి. గది ఫోటోల మీద నాకింత చిరాకున్నా, ఆ యాప్ గురించి చదివినప్పుడు మాత్రం నా పనికీ ఓ గౌరవం ఉందనిపించింది.

వీటికి పేరు రాదు, వ్యూస్ రావు. ఎర్ర గుండ్రం గీసి "ఈ మూలలో ఉన్నదేంటో గమనించారా?" అని థంబ్‌నెయిల్ పెడితే వస్తాయి. ఇప్పుడు ఇంకో దరిద్రం కూడా మొదలైంది. పాత మసక ఫోటోను ఏఐతో "క్లియర్" చేసి పెడుతున్నారు. అది క్లియర్ చేయదు బాబూ, ఊహించి నింపుతుంది. కుదించి కుదించి గళ్లు గళ్లుగా అయిపోయిన నీడలోంచి దానికి ఇష్టమొచ్చిన ముఖాన్ని తయారుచేస్తుంది. కస్టమర్లు కూడా నాకు స్క్రీన్‌షాట్‌కి తీసిన స్క్రీన్‌షాట్ పంపి "జూమ్ చేసి నీటుగా చేయండి" అంటుంటారు. లేని పిక్సెల్స్ ఎక్కడినుంచి తేను?

ఇదంతా ఆట కాదని కూడా చెప్పాలి. మెక్‌కాన్ కేసులో ఆ దగ్గర్లోనే ఉంటున్న ఒక బ్రిటిష్ వ్యక్తిని మొదట్లోనే అనుమానితుల్లో చేర్చారు. పత్రికలు అతని మీద ఇష్టారాజ్యంగా రాశాయి. 2008లో అవే పత్రికలు క్షమాపణ చెప్పి, 6 లక్షల పౌండ్లు పరిహారం కట్టాయి. పాప తల్లిదండ్రులకూ అదే ఏడాది ఒక పత్రికా సంస్థ 5 లక్షల 50 వేల పౌండ్లు ఇచ్చి మొదటి పేజీలో క్షమాపణ అచ్చేసింది. పత్రికకు ఆఫీసుంది, లాయర్లున్నారు, దావా వేయొచ్చు. మారుపేరుతో గ్రూపులో రాసే సారు మీద ఎవరు వేస్తారు?

"మరైతే మేం ఏమీ చేయకూడదా" అని అడుగుతారు, తెలుసు. చేయండి. పోలీసులు విడుదల చేసిన ఫోటోను, వాళ్లిచ్చిన నంబరుతో సహా ఉన్నదున్నట్టు పంచండి. మీ సొంత గీతలు గీయకండి. ఏదైనా నిజంగా చూసి ఉంటే ఆ నంబరుకే చెప్పండి, గ్రూపులో కాదు. పిల్ల దొరికాక ఆ పోస్టు తీసేయండి, ఈ చివరిది దాదాపు ఎవరూ చేయరు. దొరికిన పిల్లల ఫోటోలు ఏళ్ల తర్వాత కూడా "తప్పిపోయింది" అంటూ తిరుగుతూనే ఉంటాయి.

కామెంట్లలో ఆ గది ఫోటోలు, లింకులు పెట్టకండి, పెడితే తీసేస్తాను. లెన్స్‌ల గురించి అడగాలనుకుంటే అడగండి, తెలిసినంత చెప్తాను.