సీసం లేని సౌరఘటాలపై పరిశోధన చేస్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. సీసం లేని పెరోవ్‌స్కైట్ సౌరఘటాల్లో జాలక కంపనాల గురించి సెమినార్ ఇచ్చింది. అప్పటి నుంచి అందులోనే పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి మంచి ప్రశ్నే పట్టుకుందండీ. పెరోవ్‌స్కైట్ అంటే ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థం. దానితో చేసిన సౌరఘటాలు ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం 2009లో 3.8 శాతం. ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటింది. చిక్కల్లా అందులోని సీసంతోనే, అది విషం. బదులుగా తగరం వాడితే గాలి తగిలి త్వరగా పాడవుతుంది. సీజియం, వెండి, బిస్మత్, బ్రోమిన్‌లతో చేసిన పదార్థం నిలకడగా ఉంటుంది గానీ కరెంటు తక్కువ ఇస్తుంది.

అందుకు ఒక ముఖ్య కారణం జాలక కంపనాలు. స్ఫటికంలో పరమాణువులు వరుసగా అమరిన అల్లికే జాలకం. అందులో అవి ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఈ పదార్థంలో ఎలక్ట్రాన్‌కు ఆ కంపనాలతో లంకె చాలా గట్టిది. ఎలక్ట్రాన్ చుట్టూ జాలకం వంగుతుంది, ఆ ఒంపును మోసుకుంటూనే అది కదలాలి. వాన పడ్డ నల్లరేగడిలో నడిచేవారికి అడుగడుగూ బరువెక్కినట్లే. ఒంపుతో కూడిన ఈ ఎలక్ట్రాన్‌నే పోలరాన్ అంటారు. లంకె బలాన్ని కొలవడానికి నమూనాపై లేజర్ వేసి, అది వెలువరించే కాంతిని ద్రవ నత్రజని చల్లదనం, అంటే 77 కెల్విన్ నుంచి గది ఉష్ణోగ్రత దాకా నమోదు చేస్తారు. వేడి పెరిగేకొద్దీ, ఏ రంగు కాంతి ఎంత వచ్చిందో చూపే వర్ణపటంలోని శిఖరం వెడల్పవుతుంది. ఎంత వేడికి ఎంత వెడల్పయిందో చూసి లెక్క కడతారు.

ఈ పని వచ్చినవారికి రేపు పెరోవ్‌స్కైట్‌ల జోరు తగ్గినా ఎల్‌ఈడీలు, సెమీకండక్టర్ల వైపు దారి ఉంటుంది. అందుకే ఒకే పదార్థానికి గిరిగీసుకోవద్దని, ఎమ్మెస్సీలో ఘనస్థితి భౌతికశాస్త్రాన్ని గట్టిగా చదవమని చెప్పండి. ఐఐటీల కోసం జామ్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కోసం సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయించండి. ఇంటి నుంచే వెళ్లిరావాలంటే నాగార్జున విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

ఒక్క సంగతి దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపై పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. స్థిరమైన ఉద్యోగానికి ముప్ఫై దగ్గర పడవచ్చు. అయితే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, ఇంటి అద్దె భత్యం అదనం. అప్పుడు మీపై భారం పడదు. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయవచ్చు.

ఈ సెలవుల్లో క్వాంటమ్ ఎస్ప్రెసో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సిలికాన్ జాలక కంపనాలను లెక్కించి చూడమనండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. వారాల తరబడి తప్పులు సరిదిద్దుకుంటూ కూర్చోగలిగితే, నిస్సంకోచంగా పంపండి.